అంతా ఒరిజినలే

ధర్మకాటా ఏ పెడల్ కొనేముందైనా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. లోపల ఏదైనా గలగలమంటే ధర సగానికి పడిపోతుంది.

పొట్టి తెచ్చిన ఫజ్ పెడల్‌నీ అలాగే ఊపాడు. బేస్ గిటారు శబ్దాన్ని చింపి గరుకుగా మార్చే ఇనుప డబ్బా అది. అరచేతిలో పడుతుంది. లోపలి ప్రతి తీగనీ పొట్టి తన చేత్తో అతికింది. అందులో గలగలమనడానికి ఏమీ లేదు. అయినా టక్కుమని చప్పుడైంది.

"లోపల ఏదో ఊడిందమ్మా," అన్నాడు ధర్మకాటా, పోయిన మనిషి గురించి చెబుతున్నట్టు. "సగానికైతే తీసుకుంటా."

టక్కుమన్నది అతని వేలి ఉంగరం. పొట్టి చూసింది. మామూలు రోజైతే ఆ మాట మొహం మీదే అనేసేది. ఈరోజు ఆమె చూపు ఇంకోచోట ఆగిపోయింది. అతని భుజం మీదుగా వెనకాల గాజు బీరువా కనబడుతోంది. అందులో ఆమె బేస్ గిటారు వేలాడుతోంది.

మూడు నెలల కిందట, ఒక హాలు వెనక సందులో, వ్యానులోంచి సామాను దింపుతుండగా పోయింది అది. అప్పటినుంచి పొట్టి అద్దె గిటార్లతో నెట్టుకొస్తోంది. అద్దె గిటారంటే ఊరందరి చెమటా తాగిన గిటారు. ఒకదానికి మెడ వంకర, ఇంకోదానికి గొంతు బొంగురు. చివరికి ఉన్న పెడల్ అమ్మేసి ఏదో ఒక బేస్ కొనుక్కుందామని ఈ షోరూముకి వచ్చింది. వాడిన వాయిద్యాలకి ఊళ్లో ధర చెప్పేది ధర్మకాటాయే. అతను ఒకసారి అంటే మిగతా దుకాణాలన్నీ అదే పాట పాడతాయి. న్యాయంగా తూచే కాటా అనే ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఊరంతా చాటుకున్నది మాత్రం అతనే.

ఆ బేస్ ఒకసారి చూడొచ్చా అని అడిగింది. చూడ్డానికి టికెట్ ఏమీ లేదన్నాడు అతను, బీరువా తాళం తీస్తూ.

చేతిలోకి రాగానే అనుమానం పోయింది. బొటనవేలు మెడ వెనక జారుతూ వెళ్లి మూడో మెట్టు కింద ఆగింది. అక్కడ ఒక గుంట ఉండాలి. ఒకసారి బ్యాండులో డ్రమ్ములు వాయించే బావ ఇత్తడి తాళాల స్టాండు దాని మీద పడేశాడు. ఎవరో తడిగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె ఆనించి, ఆవిరితో చెక్కని ఉబ్బించి, పైన వార్నిష్ పూశారు. కంటికి ఏమీ కనబడదు. బొటనవేలికి మాత్రం అక్కడ చెక్క కాస్త గట్టిగా తగిలింది.

వెనక్కి తిప్పింది. మెడని ఒంటికి బిగించే ఉక్కు పలక మీద అంకెలు తనవి కావు. పలక మార్చేశారు.

శబ్దాన్ని పెంచే యాంప్‌కి తగిలించి సన్నతీగ ఐదో మెట్టు దగ్గర నొక్కి వాయించింది. శబ్దం పుట్టగానే చచ్చిపోయింది. తన బేస్ కూడా అంతే. కానీ ఆ పాతకాలం బేస్‌లన్నీ దాదాపు అక్కడే చస్తాయి. అది సాక్ష్యం కాదు.

"ఇది నాది," అంది పొట్టి.

షోరూములో తీగలు సవరించుకుంటున్న వాళ్లంతా తలలెత్తారు. ధర్మకాటాకి కోపం రాలేదు. ఇలాంటివి రోజూ చూస్తుంటానన్నట్టు నవ్వి, నీ గిటారు నంబరెంత అని అడిగాడు. పొట్టి ఫోనులో పాత ఫొటో తీసి చూపించింది. అతను పలక మీది నంబరు పైకి చదివాడు, మూలనున్న వాళ్లకి కూడా వినబడేలా. రెండూ వేరు. ఆ పైన సొరుగులోంచి ఒక రసీదు తీశాడు. ఎవరో పెద్దాయన దగ్గర కొన్నాడట. ఆ పెద్దాయన ఊరు వదిలి వెళ్లిపోయాడట.

"రేపు సాయంత్రం స్టూడియో మేడమ్ వచ్చి తీసుకెళ్తారు," అన్నాడు. "ఆ తర్వాత ఇది ఏ దేశంలో ఉంటుందో నాకే తెలీదు. నా మాట విను అమ్మాయ్. నీ ఎత్తుకి బేస్ ఎందుకు? ఉకులేలే ఇస్తాను, తగ్గించి."

నలుగురు నవ్వారు. పొట్టి నిజంగానే పొట్టి. వేదిక మీద గిటారే ఆమెని మోస్తున్నట్టు ఉంటుంది. ఆ వేళాకోళం ఆమెకి కొత్త కాదు. పెడల్ సంచిలో వేసుకుంది. ఏదో ఒకటి గట్టిగా అనేసి వెళ్లాలని వెనక్కి తిరిగింది. అప్పుడు గిటారు మెడకి వేలాడుతున్న అట్టముక్క కనబడింది.

ఒకే యజమాని. అంతా ఒరిజినల్. బ్రిడ్జి మూత కింద ఫ్యాక్టరీ స్పాంజితో సహా.

ఆ చివరి వాక్యాన్ని పొట్టి రెండుసార్లు చదివింది. అనాలనుకున్నది మింగేసి బయటికొచ్చింది. వీధి మలుపు తిరిగాక పరుగు లంకించుకుంది.

*

దారిలోనే, అప్పట్లో దొంగతనం ఫిర్యాదు రాసుకున్న ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసింది. ఆయన మంచివాడే. నంబరు కలవనప్పుడు షోరూములోకి వెళ్లి గిటారు లాక్కురాలేను, కళ్లకి కనబడే రుజువు ఒక్కటి చూపించు, జీపులో నేనే వస్తానన్నాడు.

రుజువు వంటింట్లో తిరుగుతోంది.

పొట్టి మేనత్త ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు. రిటైరయ్యాక కూడా ఇంట్లో గుమ్మం దగ్గర ఎవరైనా నిలబడితే లోపలికి జరగమంటుంది. ఆమె నడిస్తే ఒక అడుగు టక్కుమంటుంది, రెండోది చప్పుమంటుంది. ఎందుకంటే ఆమె కుడికాలి రబ్బరు చెప్పుకి మడమ కొస లేదు. వెనక అంచు నుంచి ఒక పట్టీ సాఫుగా కోసేసి ఉంటుంది. కోసింది పొట్టి.

ఆ బేస్‌లో తీగల కింది కొసలు ఒక ఇనుప బ్రిడ్జికి బిగిసి ఉంటాయి. దాని మీద వెండిలా మెరిసే మూత. ఆ మూత లోపలివైపు ఫ్యాక్టరీ వాళ్లు ఒక స్పాంజిముక్క అతికించేవాళ్లు. అది తీగలకి ఆనితే శబ్దం సాగకుండా గుండె కొట్టుకున్నట్టు దబ్ దబ్ మంటుంది. పాత బేస్‌లు కొనేవాళ్లు ఆ దబ్ దబ్ కోసమే ప్రాణం పెడతారు. పొట్టి ఆ గిటారుని తుక్కు కింద కొన్నప్పుడు అసలు స్పాంజి పొడైపోయి ఉంది. గిన్నెలు తోమే స్పాంజి పెట్టి చూసింది, మరీ మెత్తన. సైకిలు ట్యూబు పెట్టింది, మరీ మొండి. అప్పుడు గుమ్మంలో అత్త చెప్పులు కనబడ్డాయి. ముదురు బూడిదరంగు, ఏళ్ల తరబడి నలిగిన రబ్బరు. బ్లేడుతో ఒక పట్టీ కోసి, అడుగువైపు మూతకి ఆనేలా జిగురుతో అతికించింది. శబ్దం అద్భుతంగా వచ్చింది. ఇంట్లో మాత్రం వారం రోజులు అత్త శబ్దం తప్ప ఇంకేదీ వినబడలేదు.

కొత్త చెప్పులు కొనిస్తానంటే అత్త ఒప్పుకోలేదు. ఆ కోసిన చెప్పే ఇంట్లో వేసుకుని తిరుగుతోంది, మేనకోడలికి రోజూ వినబడాలని.

"అత్తా, నీ కుడి చెప్పు ఇటివ్వు," అంది పొట్టి, ఆయాసపడుతూ.

"మిగతాది కూడా కొయ్యడానికా?"

పొట్టి చెప్పు తిరగేసింది. మడమ కింద సైజు అంకె అచ్చుపోసి ఉంటుంది. చిన్న గుంటలో ఉండడం వల్ల అరగలేదు. ఎనిమిది. బ్లేడు సరిగ్గా ఆ అంకె మధ్యలోంచి పోయింది. చెప్పు మీద కింది సున్నా మిగిలింది. పై సున్నా ధర్మకాటా గాజు బీరువాలో ఉంది.

విషయం విన్నాక అత్త కొడుకు, అంటే బావ, డ్రమ్ము కర్రలు పక్కన పడేసి ఇప్పుడే వెళ్దామన్నాడు. అతను పొట్టి బ్యాండుకి డ్రమ్మరు, వ్యానుకి డ్రైవరు. వ్యాను తలుపు తాళం వెయ్యనిది తనేనని మూడు నెలలుగా కుమిలిపోతున్నాడు. ఎవరి మీదైనా తిరగబడితే గాని ఆ బరువు దిగేలా లేదు.

పొట్టి వద్దంది. ఇప్పుడెళ్లి చెప్పు చూపిస్తే రాత్రికి రాత్రి ఆ ముక్క పొయ్యిలోకి పోతుంది. ఆ వ్యాపారంలో ఒక పట్టింపు ఉంది. అసలు స్పాంజిని ఎవరూ ఊడదీయరు. ఊడితే విలువ పోతుంది. అందుకే ధర్మకాటా దాని వెనకవైపు చూసి ఉండడు. చూడాల్సిన అవసరం ఉందని అతనికి తెలియకూడదు.

"ఆ స్పాంజి ఫ్యాక్టరీదని, దాన్ని ఎవరూ తాకలేదని అతనే చెప్పాలి బావా. కొనేవాళ్ల ముందు చెప్పాలి. ఆ తర్వాత మనకి మాట్లాడే పనే ఉండదు."

"నాకుంటుంది," అంది అత్త.

*

మర్నాడు సాయంత్రం వెళ్లాలనుకున్నారు. పొద్దున్నే పొట్టికి మనసు కీడు శంకించింది. నాది అని ఒక మనిషి నోరు తెరిచి అన్నాక ధర్మకాటా సాయంత్రం దాకా ఆగుతాడా? షోరూముకి ఫోన్ చేసి, గొంతు మార్చి, ఆ పాత బేస్ ఉందా అని అడిగింది. ఎత్తిన కుర్రాడు పాపం నిజం చెప్పేశాడు. మేడమ్ వచ్చేశారండీ, ప్యాక్ చేస్తున్నాం అన్నాడు.

వ్యాను ఎలా నడిచిందో బావకే తెలియాలి. వీధిలోకి తిరిగేసరికి షోరూము ముందు నల్లకారు ఆగి ఉంది. వెనక డిక్కీలో గిటారు పెట్టె పెడుతున్నారు. పొట్టి వ్యాను ఆగకముందే దూకింది. అప్పటికే కారు కదిలింది.

అత్త ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. కారు పక్కన నాలుగడుగులు పరిగెత్తి, అరచేత్తో దాని వీపు మీద రెండు దెబ్బలు వేసింది. "హోల్డాన్," అంది.

ముప్పై ఏళ్లు బస్సులు ఆపిన గొంతు. డ్రైవరు ఆలోచించకుండానే బ్రేకు తొక్కాడు. ఆ తర్వాత తనెందుకు తొక్కాడో తెలియక స్టీరింగ్ వైపు చూశాడు.

వెనక సీటు అద్దం దిగింది. తల నెరిసిన ఆడమనిషి, మెడలో కళ్లజోడు వేలాడుతోంది. రికార్డింగ్ స్టూడియో నడిపే మేడమ్ ఈమేనని పొట్టికి అర్థమైంది. ఒకే ఒక్క ప్రశ్న అడగాలని, ఆ తర్వాత తన దారిన తను పోతానని, ఆ ప్రశ్న మాత్రం ధర్మకాటా ముందే అడగాలని చెప్పింది. మేడమ్ ఆమెని కిందినుంచి పైదాకా చూసింది. చూడ్డానికి ఎక్కువసేపు పట్టలేదు. ఏమనుకుందో, పెట్టె మళ్లీ లోపలికి తెమ్మని డ్రైవరుకి చెప్పింది.

ధర్మకాటా మొహంలో రంగు ఒక్క క్షణం మారి మళ్లీ సర్దుకుంది. ఈ అమ్మాయి నిన్న కూడా వచ్చి గొడవ చేసిందని, నంబరు కలవలేదని, పాపం సరుకు పోగొట్టుకున్నవాళ్లకి కనబడిందల్లా తమదే అనిపిస్తుందని మేడమ్‌కి వివరించాడు. పొట్టి అడ్డుపడలేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

"నిన్న పొరపాటు పడ్డానేమో సార్," అంది చాలా మర్యాదగా. "ఆ అట్టముక్క మీద రాసిందొకటి అర్థం కాలేదు. స్పాంజి నిజంగా ఫ్యాక్టరీదేనా?"

గాలి తన వైపు తిరిగిందనుకున్నాడు ధర్మకాటా. పెట్టె తెరిచి, బ్రిడ్జి మూత రెండు మరలూ తనే విప్పి, మూతని అరచేతిలో బోర్లా పెట్టి అందరికీ చూపించాడు. లోపల బూడిదరంగు పట్టీ. అంచుల్లో దుమ్ము, తీగల గాట్లు. వేలితో నొక్కితే మళ్లీ పైకి లేచింది.

"నాలుగు దశాబ్దాల సరుకు. ఇంకా ఎలా ఉందో చూడండి. ఆ రోజుల్లో చేతులు వేరు."

తన దగ్గరున్న మూడింటిలోనూ స్పాంజి పొడైపోయిందని మేడమ్ అంది. అందుకే దీన్ని వదులుకోబుద్ధి కాలేదట.

"అన్నీ పొడైపోతే ఇదొక్కటే ఎలా మిగిలింది సార్?" అని అడిగింది పొట్టి.

"మూత తియ్యలేదు గనక. గాలి తగల్లేదు గనక."

"అయితే మధ్యలో ఎవరూ మార్చి ఉండరంటారు."

"ఫ్యాక్టరీలో అతికించిన చెయ్యి తర్వాత దీన్ని ఇంకో చెయ్యి తాకలేదు. రాసిమ్మంటే రాసిస్తా."

"రాయక్కర్లేదు," అంది పొట్టి. "ఇంతమంది విన్నారు చాలు. అత్తా."

అత్త ముందుకొచ్చింది. వంగి, కుడికాలి చెప్పు తీసి చేత్తో పట్టుకుంది.

కౌంటర్ వెనక ఇద్దరు పనివాళ్లు అడ్డం వచ్చారు. ధర్మకాటా రెండడుగులు వెనక్కి వేసి చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"కొట్టడానికి కాదు నాయనా," అంది అత్త. "కొలవడానికి." చెప్పుని తిరగేసి, గాజు కౌంటర్ మీద మూత పక్కన పెట్టింది. "మా పిల్ల ఈ ముక్క కోసి నీ ఫ్యాక్టరీకి ఇచ్చింది. మిగతాది నేను తొడుక్కుని తిరుగుతున్నా. ఊడదీసి చూడు."

బావ మెల్లగా, అమ్మ చెప్పు తీయడం చాలాసార్లు చూశాను గానీ కొలవడానికి తీయడం ఇదే మొదటిసారని పక్కనున్నాయనతో అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

ధర్మకాటా తేరుకున్నాడు. మూతని గుప్పిట్లో మూసేశాడు. ఇదేం చోద్యం, అసలు స్పాంజి ఊడదీస్తే గిటారు విలువ సగం పోతుంది, రోడ్డున పోయేవాళ్లు చెప్పుతో వచ్చి అడిగితే సగం పారేసుకుంటానా అన్నాడు. అతని గొంతు ఇప్పుడు పెరిగింది. బయటికి నడవమన్నాడు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు.

"పిలవండి," అంది పొట్టి. "నేను నిన్ననే పిలిచాను."

"సగం విలువ పోతుందని చెబుతున్నా, నీకు బుర్రకెక్కడం లేదా?"

"పోనివ్వండి. మీరు కట్టిన విలువ అది. అందులో సగం పోయినా, మొత్తం పోయినా నాకు పట్టదు. అది నా గిటారు."

మేడమ్ కళ్లజోడు పెట్టుకుంది. చెప్పు కోత వైపు చూసింది. ధర్మకాటా గుప్పిటలోంచి తొంగిచూస్తున్న పట్టీ అంచు వైపు చూసింది. అప్పటిదాకా ఆమె ఎవరి పక్షమో తెలియలేదు.

"ఇంకా నేను తీసుకునే మాటే అయితే, సగం నష్టం నాది. నేను ఒప్పుకుంటున్నాను. ఊడదియ్యండి," అంది. "ఊడదియ్యకపోతే నాకు వద్దు."

ఏ దారిలో వెళ్లినా గోడే. ధర్మకాటా కదల్లేదు. పొట్టి అతని చేతిలోంచి మూత తీసుకుంది. అతను వదిలేశాడు. ఆమె గోరు సన్నటిది, పొడుగుది. పట్టీ మూల కింద దూర్చి నెమ్మదిగా లేపింది. పాత జిగురు చిటపటమంటూ వదిలింది. పట్టీ తిరగేసి, చెప్పు మడమ దగ్గర కోత మీద ఆనించింది.

అడుగున అలలు అలలుగా ఉన్న గీతలు ఒకదానికొకటి అందాయి. పై సున్నా కింది సున్నా మీద కూర్చుంది. ఎనిమిది.

మూలన కూర్చున్న ముసలి గిటారిస్టు ఒకాయన పకపకా నవ్వడం మొదలెట్టాడు. ధర్మకాటా దగ్గర తన పెడల్‌ని సగానికి అమ్ముకున్న మనిషి ఆయన. నవ్వు ఆపుకోలేక స్టూలు పట్టుకున్నాడు.

ధర్మకాటా మేడమ్ వైపు చూడలేదు. పొట్టిని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. తనూ మోసపోయాడట. గిటారు ఇప్పుడే తీసుకెళ్లిపొమ్మన్నాడు. బీరువాలో ఉన్న ఏ పెడల్ కావాలన్నా తీసుకోమన్నాడు, రెండైనా సరే. పోలీసులొస్తే పొరపాటు జరిగిందని ఒక్కమాట చెబితే చాలన్నాడు.

పొట్టి అతని కంటే జానెడు పొట్టి. తల ఎత్తి చూడాల్సి వచ్చింది. ఎత్తి చూసింది.

"మీరు మోసపోతే ఆ పలక ఎవరు మార్చారు సార్? నా గుంటకి ఆవిరి ఎవరు పట్టారు?" గొంతు తగ్గించలేదు. "నాది నాకిచ్చి లంచం అంటున్నారా?"

ఇన్‌స్పెక్టర్‌కి బావ అప్పటికే ఫొటో పంపేశాడు. చెప్పూ పట్టీ కలిసిన ఎనిమిది. బయల్దేరానని జవాబొచ్చింది. అయితే ఇంకో మాట కూడా రాశాడు. గిటారు సాక్ష్యం కింద స్టేషనుకి వెళ్లాలి. కోర్టు చెప్పాక చేతికొస్తుంది. కొన్నాళ్లు పట్టొచ్చు.

బావ అది చదివి తిట్టాడు. పొట్టి ఫోను చూసి తిరిగిచ్చేసింది. తర్వాత పెట్టెలోంచి గిటారు తీసి భుజాన తగిలించుకుంది. సంచిలోంచి నిన్నటి ఫజ్ పెడల్ తీసి నేల మీద పెట్టింది. గిటారు నుంచి పెడల్‌కి ఒక వైరు, పెడల్ నుంచి షోరూములోకెల్లా పెద్ద యాంప్‌కి ఇంకో వైరు గుచ్చింది.

ఇది దొంగసొత్తు, ముట్టుకోకూడదని ధర్మకాటా అన్నాడు. తొలిసారి నిజం మాట్లాడాడని మేడమ్ అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

పొట్టి మొదటి దెబ్బ వేసింది. తీగలకి ఆనే స్పాంజి లేదు. ఏళ్లుగా దబ్ దబ్ మన్న గిటారు ఇప్పుడు గొంతు విప్పి సాగింది, ఆగకుండా. గాజు బీరువాలు ఊగాయి. కౌంటర్ మీద చెప్పు కూడా కాస్త జరిగింది. సగం ధర పలికిన పెడల్‌ని ఆమె కాలితో నొక్కింది. శబ్దం చిరిగి గర్జనై గదంతా నిండింది. లోపల ఊడిపోయిందేదీ లేదు. బావ ఆగలేకపోయాడు. ప్రదర్శనకి పెట్టిన డ్రమ్ముల వెనక కూర్చుని అందుకున్నాడు.

ధర్మకాటా ఏదో అరిచాడు. ఎవరికీ వినబడలేదు. యాంప్ తగ్గించడానికి చెయ్యి చాచాడు. పొట్టి అతని కళ్లలోకి చూస్తూ తనే వాల్యూమ్ నాబ్ పట్టుకుని ఇంకా పైకి తిప్పింది. అప్పుడతను చెయ్యి దించి, ఎవరినీ చూడకుండా తలుపు వైపు నడిచాడు.

తలుపు దగ్గర అత్త నిలబడి ఉంది. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. చెయ్యి అడ్డంగా చాచి గడియ మీద వేసింది.

"ఎక్కడికి నాయనా?" అంది. ఆ హోరులో కూడా ఆమె గొంతు మాత్రం అందరికీ వినబడింది. "లోపలికి జరుగు. నీ స్టాపు ఇంకా రాలేదు."